మీకు తెలుసా? ఓట్స్ డబ్బా మీది తాత, కేస్లాపూర్ కిక్రీ

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర కిరాణా దుకాణంలో సామాన్లు కట్టించుకుంటుంటే మా మేనల్లుడు అల్మారాలోని ఓట్స్ డబ్బా చూపించి అడిగాడు. "మామా, ఈ తెల్లజుట్టు తాత ఎవరు? కంపెనీ ఓనరా?"

ఓనరు కాదు. అసలు ఆ కంపెనీకీ ఆ తాత కులస్థులకూ ఏ చుట్టరికమూ లేదు. 1877లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక మిల్లువాళ్లు క్వేకర్ వేషంలోని మనిషి బొమ్మనూ 'క్వేకర్' అనే పేరునూ రిజిస్టర్ చేయించుకున్నారు. మిల్లు యజమానులు క్వేకర్లు కారు. కానీ క్వేకర్ల దుకాణంలో తూకం తప్పదని, పసిపిల్లను పంపినా పెద్దవాళ్లకు చెప్పిన ధరే చెబుతారని అప్పటికే లోకమంతా పేరుంది. ఆ పేరును అరువు తెచ్చుకున్నారు, అంతే. ఊరికి మంచివాడు ఒకడుంటే అతని పేరు చెప్పుకొని పది మంది బతుకుతారంటారు కదా, అట్లా.

మరి అసలు క్వేకర్లు ఎవరు? వాళ్ల ముచ్చటకూ మన కరీంనగర్, ఆదిలాబాద్‌లకూ ఏమిటి సంబంధం? ఈవారం ఆ దారినే పోదాం.

తిట్టే పేరైంది

జార్జ్ ఫాక్స్ అనే ఆయన 1624లో ఇంగ్లండులో పుట్టాడు. నేతపని చేసే ఇంటి బిడ్డ (సిరిసిల్ల పాఠకులు గమనించగలరు). చిన్నప్పుడు చెప్పులు కుట్టే పనికి కుదిరాడు. దేవుడికీ మనిషికీ మధ్య పూజారి అక్కరలేదు, ప్రతి మనిషిలోనూ ఒక వెలుగుంది, దాని మాట వింటే చాలన్నాడు. అతని వెంట నడిచినవాళ్లు తమను 'ఫ్రెండ్స్' అని పిలుచుకున్నారు, అంటే స్నేహితులు. 1650లో డెర్బీ ఊళ్లో కోర్టుకు ఈడ్చినప్పుడు ఫాక్స్ జడ్జితోనే 'దేవుడి మాటకు వణుకు' అన్నాడట. 'ఓహో, మీరు వణికే బాపతా' అని జడ్జి వెక్కిరించాడు. క్వేకర్ అంటే వణికేవాడనే అర్థం. ఆ వెక్కిరింతే పేరై కూర్చుంది. మనవైపు సగం ఇంటిపేర్లు ఇట్లా పుట్టినవే కదా.

చేతిలో తీర్మానం, నోట్లో మౌనం

క్వేకర్ల పాతపద్ధతి ప్రార్థనలో పాట ఉండదు, ప్రసంగం ఉండదు, హారతి ఉండదు. అందరూ గుండ్రంగానో ఎదురెదురుగానో కూర్చొని మౌనంగా ఉంటారు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. ఒక్కోసారి గంటసేపూ ఎవరూ లేవరు.

నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్ల మౌనం కాదు, రాత. సంఘం పనుల మీద కూర్చున్నప్పుడు ఓటింగు పెట్టరు. మాటలన్నీ విన్నాక క్లర్కు అనబడే ఆయన అక్కడికక్కడే తీర్మానం రాసి పైకి చదువుతాడు. అందరూ సరేనంటేనే అది పుస్తకంలోకి ఎక్కుతుంది. మన మహిళా సంఘాల్లో తీర్మానాల పుస్తకం లాంటిదే. కాకపోతే మన దగ్గర చాలాచోట్ల తీర్మానం మీటింగయ్యాక ఇంటికి పోయి రాస్తారు, సంతకాలు వారం తర్వాత పెట్టిస్తారు. అక్కడ రాసి, చదివి, ఒప్పుకున్నాకే మీటింగు ముందుకు కదులుతుంది. మూడున్నర శతాబ్దాలుగా ఆ పుస్తకాలు పోగుపడుతూనే ఉన్నాయి.

మనల్ని తిట్టిన పుస్తకమూ ఒకటి

ఇంకో విడ్డూరం. 1673లో లండన్ క్వేకర్లు ఒక నిర్ణయం చేశారు. తమవాళ్లు రాసిన ప్రతి పుస్తకం రెండు ప్రతులు దాచాలి. తమను తిడుతూ రాసిన ప్రతి పుస్తకమూ ఒక ప్రతి దాచాలి! లండన్‌లో ఇవాళ్టికీ నడుస్తున్న వాళ్ల గ్రంథాలయానికి మొదలు అదే. మన కులసంఘాల భవనాల్లో, పార్టీ ఆఫీసుల్లో తమను విమర్శించిన పుస్తకానికి ఒక బీరువా ఉందేమో చూడండి. నాకైతే ఇంతవరకు కనబడలేదు.

బాధల పద్దు

క్వేకర్లు ప్రమాణం చేయరు, యుద్ధానికి పోరు, దొరల ముందు టోపీ తీయరు. అందుకు వాళ్లను వేలమందిని జైళ్లలో కుక్కారు, పశువులను, సామాన్లను జప్తు చేశారు. ఎవరి ఇంటి నుంచి ఏ గిన్నె పోయింది, ఎవరు ఎన్నాళ్లు జైల్లో ఉన్నారు అన్నదంతా ఊరూరా రాసి లండన్‌కు పంపేవారు. ఆ లావుపాటి పుస్తకాలకు 'బాధల పుస్తకాలు' అనే పేరు. ఆ లెక్కలు చూసే కమిటీ పేరు కూడా 'బాధల సమావేశం'. కక్ష తీర్చుకోవడానికి కాదు, జరిగింది జరగలేదని రేపు ఎవరూ అనకుండా.

ఇది చదివినప్పుడు నాకు ఇంద్రవెల్లి గుర్తొచ్చింది. 1981 ఏప్రిల్ 20న అక్కడ భూమి కోసం సభ పెట్టుకోబోయిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. గోండుల లెక్క అంతకు చాలా ఎక్కువ. పేర్లు రాసిపెట్టే పుస్తకం అడవిలో లేదు. ఎర్రని స్తూపం నిలిచింది. ఒకసారి కూల్చేస్తే మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఆ రోజున అక్కడికి పోవాలంటే నిషేధాజ్ఞలు, పోలీసు పహరా. పద్దు పుస్తకం లేనిచోట రాయే పద్దయింది.

నర్మద ఒడ్డున, హైదరాబాద్‌లో

క్వేకర్లు మన దగ్గరి దాకా రానేలేదా? వచ్చారు, కొంచెం పక్కకు. 1866లో రేచల్ మెట్‌కాఫ్ అనే ఇంగ్లీషు క్వేకరమ్మ బెనారస్‌కు వచ్చి, తర్వాత నర్మద ఒడ్డున హోషంగాబాద్‌లో స్థిరపడింది. ఇప్పుడా ఊరిని నర్మదాపురం అంటున్నారు. రామగుండం, కాగజ్‌నగర్ మీదుగా ఢిల్లీ పోయే రైలెక్కితే నాగపూర్ తర్వాత ఇటార్సి వస్తుంది చూడండి, దాని పక్కనే. ఆ చుట్టుపక్కల క్వేకర్ల బడులు, ఆస్పత్రి, పల్లెపనులు చాలాకాలం నడిచాయి.

ఇంకొకరి పేరు మీరు విని ఉంటారు, లారీ బేకర్. కేరళలో చౌకగా, చల్లగా ఉండే ఇటుక ఇళ్లు కట్టి 1990లో పద్మశ్రీ అందుకున్న ఆర్కిటెక్టు. ఆయన క్వేకరే. కుష్ఠురోగుల ఆస్పత్రులకు కట్టడాలు కట్టడానికి 1945లో ఇండియాకు వచ్చాడు. పెళ్లాడిన డాక్టరమ్మ ఎలిజబెత్ జేకబ్ అప్పట్లో అదే సంస్థ తరఫున హైదరాబాద్‌లో పనిచేసేవారు. ఇద్దరి ఇళ్లలోనూ ఒప్పుకోక ఆగి ఆగి 1948లో పెళ్లి చేసుకున్నారు.

77 పలకల కుట్టు

చరిత్ర పుస్తకాలు బీరువాలో ఉంటే చూసేదెవరు? 1981లో ఇంగ్లండులో ఆన్ విన్ విల్సన్ అనే ఆవిడ క్వేకర్ల చరిత్రను ఊలు దారంతో గుడ్డమీద కుట్టిద్దామని మొదలుపెట్టింది. 15 దేశాల నుంచి దాదాపు 4,000 మంది, పిల్లలూ ముసలివాళ్లూ, తలా ఒక చెయ్యి వేశారు. మొత్తం 77 పలకలు. జైళ్లు, బానిసత్వం మీద పోరాటం, చాక్లెట్ ఫ్యాక్టరీలు (క్యాడ్‌బరీవాళ్లు నిజంగానే క్వేకర్లు), 1947లో క్వేకర్ల సేవాసంస్థలకు వచ్చిన నోబెల్ శాంతి బహుమతి దాకా ఎన్నో ముచ్చట్ల జాతర అది. ఇప్పుడు కెండల్ అనే ఊళ్లో మ్యూజియంగా ఉంది.

గుడ్డ మీద కులం చరిత్ర! మనకిది కొత్తా?

మన పటం ముందు పుట్టింది

చేర్యాల నకాషీ పటం చూశారా? మూడడుగుల వెడల్పు ఉంటుంది, పొడవు ముప్పై అడుగులు, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. ఖాదీగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఎండబెట్టి, ఎర్రటి నేలరంగు వేసి, అరలు అరలుగా బొమ్మలు గీస్తారు. పైన వినాయకుడు, కింద కులం పుట్టుక. ఇప్పుడు షోరూముల్లో గోడకు తగిలించుకునే ముక్కలుగా అమ్ముతున్నారు గానీ అది గోడకోసం పుట్టింది కాదు. ఆడటానికి పుట్టింది. రాత్రిపూట రెండు గుంజలకు కట్టి, ఒక్కొక్క అరను విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ కథ చెబుతారు.

ఎవరి కథ ఎవరు చెప్పాలన్నది ఎప్పుడో తేలిపోయింది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్లు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. ఏ ఊళ్లు ఎవరివో కూడా పంచుకొని ఉన్నారు. దాన్ని మిరాశి అంటారు. ఒకరి మిరాశి ఊళ్లోకి ఇంకొకరు పోయి కథ చెప్పడానికి లేదు. పెళ్లికి కట్నకానుకలిచ్చినట్టే కథ చెప్పిన ఇంటికి ఇచ్చేది ఇవ్వాలి, ఎగ్గొడితే పరువు పోతుంది.

నాకు ఇక్కడే అసలు కిటుకు కనబడుతుంది. చరిత్రను దాచాలి దాచాలి అని మనం సభల్లో అంటాం. దాచేది ఎవరి పని? ఎవరికి దాని మీద హక్కు, ఎవరికి దాని మీద కూడు? క్వేకర్ క్లర్కుకైనా కూనపులి కథకుడికైనా అది బాధ్యత. కథ చెప్పకపోతే తప్పు. అందుకే మిగిలింది. సిరిసిల్ల మగ్గం మరమగ్గమై, ఇంటి ముందు పందిరికి బదులు ఫంక్షన్ హాలు వచ్చాక కూనపులివాళ్ల పిల్లలు వేరే పనుల్లో పడ్డారు. కూడు పోయాక హక్కు ఒక్కటే మిగిలితే ఏం లాభం?

ఇంకో సంగతి మీకు వింతగా ఉంటుంది. పటం పాతబడి చిరిగిపోతే అటక మీద దాచరు. దానికి పూజచేసి, మనిషి అస్థికలు కలిపినట్టు నదిలో కలిపేస్తారు. కొత్త పటం గీయిస్తారు. అందుకే నిజంగా పాత పటాలు చాలా తక్కువ. పాత గుడ్డ దాచడం కాదు, కథ నడపడం వాళ్ల లెక్క. ఇంట్లో దేవుడి బొమ్మ విరిగితే మనం చేసేదీ అదే కదా.

మూడు తీగల గ్రంథాలయం

ఆదిలాబాద్ వైపు పోతే గుడ్డ కూడా ఉండదు. కిక్రీ ఉంటుంది. తోలు బిగించిన చిన్న బుర్ర, మూడు తీగలు, ఒక కమాను. పట్టుకునేది గోండుల కథకుడైన ప్రధాన్. గోండుల్లో నలుగురు అన్నదమ్ములవాళ్లు, ఐదుగురివాళ్లు, ఆరుగురివాళ్లు, ఏడుగురివాళ్లు అని సగాలుంటాయి, అంటే వంశవర్గాలు. ఏ సగానికి ఏ దేవుడు, ఏ వంశం ఎక్కడినుంచి వచ్చింది, ఎవరితో పెళ్లి కూడదు అన్నదంతా ఆ వంశపు ప్రధాన్ నోట్లో ఉంటుంది. అతనికి దానం ఇవ్వడం గోండు ఇంటి ధర్మం. మళ్లీ అదే మిరాశి.

ఆదిలాబాద్ ప్రధానులకు ఇంట్లో మాట్లాడుకునే భాష మరాఠీ. కథ మాత్రం గోండిలోనే చెబుతారు! తల్లిభాష కాని భాషలో మరొక జాతి చరిత్రను తరతరాలుగా అప్పజెప్పుకుంటూ వచ్చారు. ఇట్లాంటి గ్రంథపాలకులు ఇంకెక్కడైనా ఉన్నారా?

శత్రుదేశస్థుడు చేసిన మేలు

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. ఆస్ట్రియాను హిట్లర్ మింగేశాక చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు, యుద్ధం మొదలవగానే బ్రిటిషు ఇండియాలో శత్రుదేశస్థుడైపోయాడు. నిజాం రాజ్యం దాటి పోవడానికి లేదు. కదలనీయని ఆ కట్టడే మనకు కలిసొచ్చింది.

భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గడ్డిపాకలో కాపురం పెట్టాడు. గోండు పిల్లలను మాస్టర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం 1943లో అక్కడే మొదలైంది, గోండిలో వాచకాలూ వచ్చాయి. ప్రధానులు చెప్పిన కథలను కూర్చోబెట్టి రాసుకున్నాడు. 1948లో వచ్చిన ఆదిలాబాద్ రాజగోండుల పుస్తకం ఆ రాతల నుంచే. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో సోయస్ కాలేజీ భాండాగారంలో ఉన్నాయి. మన తాతల మొహాలు చూడాలంటే మనం లండన్ గుమ్మం తొక్కాలన్నది కొంచెం చేదు నిజమే.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆయన 1995లో. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న గోండులు వచ్చి పూలు పెడతారు. గుస్సాడి ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిదీ ఆ ఊరే. ఆయన 2024 అక్టోబరులో పోయారు.

22 పొయ్యిలు

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. అంతకు ముందే గోండుల్లోని మెస్రం వంశస్థులు చెప్పులు లేకుండా నడిచి జన్నారం మండలంలోని హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్లు తెస్తారు. కుండలు సిరికొండ కుమ్మరులే చేయాలి. మెస్రం వంశంలో 22 కితలు, అంటే శాఖలు. కేస్లాపూర్‌లో వాళ్ల బస అయిన గోవాడ్‌లో ఎంతమంది దిగినా వంట 22 పొయ్యిల మీదనే, కితకొక పొయ్యి. వంశవృక్షం రాసుకునే కాగితం లేదు. పొయ్యిలు లెక్కబెడితే వంశం లెక్క తేలుతుంది!

కొత్త కోడళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. తెల్లచీర కట్టి, మేలిముసుగు వేసుకొని, పెద్దవాళ్ల వెంట దేవుడి ముందుకొచ్చి మొక్కుతారు. దీన్ని భేటింగ్ అంటారు. భేటింగ్ అయితేనే ఆమె మెస్రం ఇంటి మనిషి. రిజిస్ట్రారాఫీసు సర్టిఫికెట్ల కంటే ఇది గట్టిది. పాత గుడి స్థానంలో కొత్త గుడిని మెస్రంవాళ్లే చందాలు వేసుకొని రాతితో కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది.

జాతరలో అధికారులు కూర్చొని గోండుల గోడు వినే దర్బారుంది కదా, అది మొదలుపెట్టించింది హైమన్‌డార్ఫే. కొమురం భీమ్ చనిపోయాక గోండులు సర్కారు గడప తొక్కడం మానేస్తే సర్కారే దేవుడి గడపకు వచ్చింది.

'య'తో మొదలయ్యే హల్లులు

గోండికి లిపి లేదని చాలాకాలం అనుకున్నారు. నార్నూరు మండలం గుంజాలలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలికితీసి చదివించింది. కొన్ని 1750 ప్రాంతానివని అంచనా. మన హల్లులు 'క'తో మొదలైతే గుంజాల లిపిలో హల్లులు 'య'తో మొదలవుతాయి. తర్వాత 'వ', 'బ', 'భ', 'మ'. అంటే ఇది దేవనాగరినో తెలుగునో చూసి దించుకున్న వరస కాదు. ఎవరో తమకు తోచినట్టు పేర్చుకున్న వరస. 2018 జూన్‌లో ఈ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది.

అన్న కోసం చెక్కిన రాయి

కరీంనగర్‌లో ఒక ముచ్చట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. గంగాధర మండలం కురిక్యాల పక్కన బొమ్మలగుట్ట ఉంది. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడనే జైనుడు ఆ గుట్టమీద తీర్థంకరులను, చక్రేశ్వరిని చెక్కించి, పక్కన సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. అన్న ఎవరనుకున్నారు? కన్నడ ఆదికవి పంపడు! వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో కవి. అన్న గొప్పతనం, రాజు అతనికి ధర్మపురం అగ్రహారమిచ్చిన సంగతి అన్నీ తమ్ముడే రాయించాడు. అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి, నన్నయకు శతాబ్దం ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా రావడానికి చూపించిన ఆధారాల్లో ఈ గుట్ట ఒకటి. గ్రానైట్ కోసం గుట్టలు గుట్టలే మాయమైన జిల్లాలో ఇది మిగలడం మన అదృష్టం.

ఇక మీతో ఒక మాట. మీ ఇంట్లోనో మీ వాడకట్టులోనో పాత పటం, రాగిరేకు, కిక్రీ, తాత రాసుకున్న లెక్కల పుస్తకం ఉంటే దాన్ని పారేయకండి. పటాన్ని గోదావరిలో కలపాల్సిందే అనుకుంటే కలపండి, అది మీ ఆచారం. కలిపే ముందు ఒక్క పొద్దు కేటాయించి, ఎండలో పరిచి, ఫోన్‌తో అరఅరా ఫొటోలు తీయండి. ఏ ఊరిది, ఎవరు చెప్పేవారు, చివరిసారి ఎప్పుడు ఆడారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి. తేదీ వేయడం మరచిపోకండి.